చుక్కల లిపి: పూర్తి వ్రాత, కుదింపు వ్రాత

ఈ దినమున నేను మనవి చేయఁదలఁచినది చూపులేనివారు వ్రేళ్ళతోఁ జదువుకొను లిపిని గూర్చి. దానిని కల్పించిన ఫ్రెంచివాని పేరున దానికి బ్రెయిలు లిపి యని పేరు. ఆ లిపిలో రెండు విధములైన వ్రాతలు కలవు. ఒకటి ప్రతి యక్షరమును విడువక వ్రాయు పూర్తి వ్రాత. రెండవది మాటలను కుఱుచ చేసి వ్రాయు కుదింపు వ్రాత. వీనికిఁ గల భేద మేమి, ఎవరి కేది తగును అను సంగతి నాకుఁ దెలిసినంతవఱకుఁ జెప్పెదను.

"పత్తికిఁ బట్టిన పురుగును గూర్చియో, మిరప ధరను గూర్చియో చెప్పక ఈ చుక్కల గొడవ మా కెందుకు?" అని మీలోఁ గొందఱికిఁ దోఁచవచ్చును. మా యింట జరిగిన సంగతి యొకటి విన్నచో ఎందుకో మీకే బోధపడును.

మా తమ్ముని మనుమనికి పుట్టుకతోనే చూపు లేదు. వానిని ఏడవయేట పట్నములోని అంధుల పాఠశాలకుఁ బంపితిమి. నాలుగేండ్లలో వాఁడు తెలుఁగు చక్కఁగాఁ జదువనేర్చెను. వేసవి సెలవులకు వచ్చినపుడు మిరపకల్లములో నీడపట్టునఁ గూర్చుండి, తాలుకాయలు ఏరుచున్న స్త్రీలకు పుస్తకము చదివి వినిపించెడివాఁడు. ఒడిలోని కాగితముపై వాని వ్రేళ్ళు పరువిడుచుండఁగా వారు చేతిపని మఱచి చూచెడివారు. తరువాత పై తరగతికి వాఁడు వేఱొక బడికిఁ బోయెను. అక్కడ ఇంగ్లీషు పాఠ్యపుస్తకము చేతి కిచ్చిరి. అక్షరము లన్నియు వానికిఁ దెలిసినవే. మాటలు మాత్రము తెలియలేదు. ఒకచోట 'పీ' అను నక్షర మొక్కటియే ఒంటిగా నుండెను. మఱియొకచోట 'కే' యొక్కటియే యుండెను. అచ్చుతప్పు లనుకొని ఊరకుండెను. పరీక్షనాఁడు ప్రశ్నపత్రమును అట్లే యుండెను. వాఁడు మొదటి ప్రశ్న దాఁటలేక కాలము ముగియువఱకుఁ గూర్చుండెను. ఇంటికి వచ్చి, "తాతయ్యా, నాకు చదువు రాదఁట!" అని యేడ్చెను.

వానికిఁ జదువు వచ్చును. రెండవ వ్రాత యొకటి కలదని వానికిఁ గాని మాకుఁ గాని యెవ్వరును జెప్పలేదు. అంతియే లోపము. అది తెలియకపోవుటచే ఒక పిల్లవాఁడు తాను మందబుద్ధి నని నమ్మిపోవుటకు సిద్ధమయ్యెను. కనుక ఈ భేదము గ్రామమునందలి పెద్దలు తెలిసికొనఁదగినదే యని నా యభిప్రాయము.

ముందుగా లిపి పుట్టిన విధము వినుఁడు. లూయీ బ్రెయిలు 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన ఫ్రాన్సు దేశమున కూప్‌వ్రే యను పల్లెటూర జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు, తోలు పట్టెడలు కుట్టి జీవించువాఁడు. మూఁడేండ్ల బిడ్డఁడు తండ్రి కొట్టులో ఆరెతో నాడుకొనుచుండఁగా అది కంటఁ గ్రుచ్చుకొనెను. ఆ కీడు రెండవ కంటికిని ప్రాఁకి, అయిదేండ్లు వచ్చునప్పటికి రెండు కన్నులును బోయెను. 1819లో అతఁడు పారిసులోని అంధబాలుర పాఠశాలలోఁ జేరెను. అక్కడి పుస్తకములలో కన్నులున్నవారి యక్షరములనే ఉబ్బెత్తుగా అచ్చొత్తి యుండిరి. వానిని తడవి చదువుట కడుఁ గష్టము. చేతితో వ్రాసికొనుట యసాధ్యము. అప్పట్లో షార్లు బార్బియే యను సైనికోద్యోగి పండ్రెండు చుక్కలతో ధ్వనులను సూచించు వ్రాత నొకదానిని గల్పించి యుండెను. పండ్రెండు చుక్కలు ఒక వ్రేలికొన క్రింద నిముడవు. బ్రెయిలు వానిని ఆఱింటికిఁ దగ్గించి, పదునైదవయేట, 1824లో, తన లిపిని సిద్ధపఱచెను. 1829లో దానిని పుస్తకరూపమునఁ బ్రకటించెను. 1852లో మరణించెను.

ఇఁక లిపి స్వరూపము. మన యిండ్లలోని వామనగుంటల పీఁటను దలఁచుకొనుఁడు. దానిని కుఱుచ చేసి రెండు వరుసలు, వరుసకు మూఁడేసి గుంటలు ఉంచినచో బ్రెయిలు గడి యగును. ఎడమ వరుసలో పైనుండి క్రిందికి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6. గింజ యున్న గుంట చుక్క. గింజ లేనిది ఖాళీ. ఈ యాఱింటిని ఎన్ని విధములుగా నింపినను 63 ఆకారములే వచ్చును. అంతకు మించి యొక్కటియు రాదు. ఈ 63 అను సంఖ్యను జ్ఞాపకముంచుకొనుఁడు. ముందు దీనితోఁ బని యున్నది.

వ్రాయుటకు దట్టమైన కాగితమును గడులు గల బద్దలో బిగించి, గంటము వంటి మొనతో వెనుకనుండి నొక్కుదురు. అందుచేత కుడినుండి యెడమకు వ్రాసి, కాగితము త్రిప్పి, ఎడమనుండి కుడికిఁ జదువుదురు. తాటియాకుపై గంటముతో వ్రాసిన జాతికి ఈ పని వింత కాదు.

మన దేశమున అంధుల కొఱకు మొదటి పాఠశాల 1887లో అమృతసరమున నెలకొల్పఁబడెను. తరువాతి కాలమున ఒక్కొక్క ప్రాంతమువారు దేశభాషల కొక్కొక్క విధమైన చుక్కల వ్రాత కల్పించుకొనిరి. ఒకరు వ్రాసినది మఱియొకరికిఁ దెలియదు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1951లో, ఈ చిక్కు తీఱినది. ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ యగు యునెస్కో ఈ పనికిఁ దోడ్పడెను. ఆ సంస్థ పక్షమునఁ బనిచేసిన క్లూథా మెకెంజీ న్యూజీలాండు దేశస్థుఁడు. 1915లో గల్లిపోలీ యుద్ధమున చూపు పోఁగొట్టుకొన్నవాఁడు. అప్పుడు నిర్ణయమైన లిపికి భారతీ బ్రెయిలు అని పేరు. ఆ సంవత్సరమే డెహ్రాడూనులో బ్రెయిలు ముద్రణాలయము నెలకొల్పఁబడెను.

భారతీ బ్రెయిలులోని మూలసూత్రము చాల సులభము. భాష యేదైనను ఒకే ధ్వనికి ఒకే గడి. హిందీ 'క'యు, తెలుఁగు 'క'యు 1, 3 చుక్కలే. 'అ'కు 1వ చుక్క యొక్కటియే. 'ల'కు 1, 2, 3. 'మ'కు 1, 3, 4. గుణింతపు గుర్తులు వేఱుగా లేవు. 'కి' యని వ్రాయవలెనన్న 'క' తరువాత 'ఇ' వ్రాయుదురు. తలకట్టునకు గుర్తు లేదు. 'క' ఒక్కటియే 'క'. వత్తున్నచోట 4వ చుక్కను ముందుంచి, హల్లులను వరుసగా వ్రాయుదురు. 'అమ్మ' యనుటకు అ, 4వ చుక్క, మ, మ: మొత్తము నాలుగు గడులు. 'పత్తి' యనుటకు ప, 4వ చుక్క, త, త, ఇ: అయిదు గడులు. 'గుంటూరు' అనుటకు గ, ఉ, సున్న, ట, ఊ, ర, ఉ: ఏడు గడులు. ఒక్క యక్షరమును మ్రింగక, పలికిన దెల్లను వరుసగాఁ బేర్చుటయే పూర్తి వ్రాత. దీనిని ఇంగ్లీషువారు మొదటి గ్రేడు అందురు.

ఇఁక కుదింపు వ్రాత. ఇది మనకుఁ దెలియనిది కాదు. మన పెద్దలు జాబు వ్రాయునపుడు 'మ.రా.రా.శ్రీ' యని మొదలుపెట్టెడివారు. అది మహారాజ రాజశ్రీ యని చదువరికిఁ దెలియును. పిన్నవాని పేరునకు ముందు 'చి||' యన్నచో చిరంజీవి. ఇల్లాలి పేరునకు ముందు 'చి.ల.సౌ.' అన్నచో చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. దస్తావేజులలో 'తా||' అన్నచో తాలూకా, 'జి||' అన్నచో జిల్లా, 'స.నెం.' అన్నచో సర్వే నెంబరు. తెలిసినవాఁడు కన్ను నిలుపకుండఁ జదివిపోవును. ఆ దస్తావేజునే ఓనమాలు నేర్చిన పిల్లవాని కిచ్చినచో, "ఈ 'చి' యేమి, దాని ప్రక్క రెండు గీత లేమి?" యని యడుగును. వానికి అక్షరములు రాక కాదు, ఆ కట్టుబాటు తెలియక. మా మనుమని గతియు సరిగా నిదియే.

ఇంగ్లీషు బ్రెయిలులో నిట్టి కుదింపులు ఇంచుమించు 180 కలవు. వానిలో ముఖ్యమైనవి మూఁడు తెగలు. మొదటిది, ఒక్క యక్షరము ఒంటిగా నిలిచి మాట యగుట. 'పీ' ఒంటిగా నున్నచో జనులు అను నర్థము గల 'పీపుల్'. 'కే' ఒంటిగా నున్నచో జ్ఞానము అను నర్థము గల 'నాలెడ్జి'. ఆ మాటకు ఇంగ్లీషున తొమ్మిది యక్షరములు. ఇక్కడ ఒకే గడి. రెండవది, తఱచుగా వచ్చు కూర్పులకు ప్రత్యేకపు గడులు. 'అండ్' అను మాటకు 1, 2, 3, 4, 6 చుక్కల గడి యొకటి. చేయి యను నర్థము గల 'హ్యాండ్' లోనికిని అదియే వచ్చును. నాలుగు గడుల మాట రెండు గడులలో ముగియును. మూఁడవది, మాటలోని కొన్ని యక్షరములను మాత్రము నిలుపుట. 'టుమారో' అను నెనిమిది యక్షరముల మాటకు 'టీ, ఎమ్' అను రెండే. చూపులేనివాఁ డను నర్థము గల 'బ్లైండ్' మాటకు 'బీ, ఎల్'. దీనినే రెండవ గ్రేడు అందురు.

ఒక గుర్తునకు రెండర్థములున్న తబ్బిబ్బు కాదా యని మీ రడుగవచ్చును. దానికి నియమము లున్నవి. 'పీ' ఒంటిగా నున్నప్పుడే 'పీపుల్'. మాట నడుమ నున్నప్పుడు అది 'పీ'యే. ఒంటిగా నుండియు అక్షరముగానే చదువవలసిన చోట, దానికి ముందు 5, 6 చుక్కల గుర్తు నుంతురు. ఈ నియమములు ఒక్కనాఁటఁ గుదిరినవి కావు. అమెరికాలో చాలకాలము ఒకటిన్నర గ్రేడు అను నడిమి వ్రాత యుండెను. 1932లో లండనులో అమెరికావారును ఇంగ్లాండువారును ఒడంబడిరి. మఱల 2004లో ఇంగ్లీషు మాటలాడు దేశములకెల్ల ఏకీకృత బ్రెయిలు ప్రమాణముగాఁ బ్రకటింపఁబడెను. అందు చిక్కు కలిగించు కుదింపులు తొమ్మిది తీసివేయఁబడెను.

ఇంత శ్రమ పడి కుదించుట యెందు కనఁగా, బ్రెయిలు చాల చోటు తినును. గడి వ్రేలికొనకుఁ దెలియునంత పెద్దదిగా నుండవలెను. కాగితము దట్టముగా నుండవలెను. మన చేతిలో ఇమిడెడి పుస్తకము బ్రెయిలులో అనేక సంపుటములై బీరువాలోని యఱను నింపును. ఇంగ్లీషు పుస్తకమును కుదించి వ్రాసినచో ఇంచుమించు అయిదవ వంతు మొదలు నాలుగవ వంతు వఱకు చోటు కలిసివచ్చును. వ్రేలు నడువవలసిన దూరము తగ్గును గనుక అలవాటైనవానికి చదువును వేగముగా సాగును. విడి దూదికిని, ప్రెస్సులో నొక్కిన బేలునకును భేద మెట్టిదో, ఈ రెండు వ్రాతలకును భేద మట్టిది. దూది యొక్కటియే. బేలు బండిలో నిముడును. కాని దానిని విప్ప నేర్చినవాఁ డుండవలెను.

కుదింపు వ్రాతకు లోపములును గలవు. నేర్చుటకుఁ గాలము పట్టును. పైగా 'కే' యనఁగా 'నాలెడ్జి' యని మాత్రమే యెఱిఁగిన పిల్లవాఁడు ఆ మాటలోని తొమ్మిది యక్షరములు వరుసగాఁ జెప్పలేకపోవచ్చును. కన్నులున్నవారికి జాబు టైపు చేయవలసివచ్చినప్పుడు అక్షరక్రమము తెలియక తప్పదు. కనుక ఇంగ్లీషు చదువఁబోవు బిడ్డకు రెండును గావలెను. ఏది ముందు అను విషయమునఁ బండితులలో వాదము గలదు. అమెరికా, కెనడా దేశములలో 2002 మొదలు 2007 వఱకు బ్రెయిలు నేర్చు పిల్లలను వెంబడించి పరీక్షించిరి. కుదింపులను త్వరగా, ఎక్కువగా నేర్చిన పిల్లలు చదువులో వెనుకఁబడలేదు, ముందంజయే వేసిరని తేలినది.

పెద్దతనమున చూపు పోయినవారి సంగతి వేఱు. మా అన్నగారికి అఱువది దాఁటిన పిదప నీటికాసులచేఁ జూపు పోయెను. నలువదేండ్లు మేడి పట్టి మొద్దువాఱిన వ్రేళ్ళు. మొదట చుక్క యెక్కడనో, ఖాళీ యెక్కడనో వానికిఁ దెలియలేదు. నెలకుఁ గాని అచ్చులు పట్టువడలేదు. అట్టివానికిఁ గుదింపులు బోధించినచో పుస్తకము మూసివేయును. పూర్తి వ్రాత యొక్కటియే నేర్పించితిమి. నేఁడు తన మందుసీసాలకు పేర్లు తానే యంటించుకొనును. కౌలు లెక్కలు తానే వ్రాసికొనును. ఆయనకు నంతకంటె నవసరము లేదు. పూర్తి వ్రాత తక్కువ వ్రాత కాదు. అవసరమును బట్టి యది చాలును.

ఇక్కడ మీ కొక సందేహము కలుగవచ్చును: ఇంగ్లీషున నింత కుదింపు ఉన్నప్పుడు తెలుఁగున నేల లేదు? ఇందాక జ్ఞాపకముంచుకొమ్మన్న 63 ఇప్పుడు పనికివచ్చును. ఇంగ్లీషున అక్షరములు 26 మాత్రమే. మిగిలిన గడులు కుదింపులకుఁ జాలును. మన భాషలో అచ్చులు, హల్లులు, ఒత్తక్షరములు, సున్న, విసర్గ, వత్తు గుర్తు కలిపి ఏఁబదికి మించిన గడులు అక్షరములకే పోవును. ఆఱు చుక్కలును గల నిండుగడి ఇంగ్లీషు కుదింపులో 'ఫర్' అను మాట, మనకు 'ఢ'. ఇందాకటి 'అండ్' గడి మనకు 'ష'. ఇంగ్లీషు 'ది' గడి మనకు 'ధ'. కావుననే తెలుఁగున సామాన్యముగాఁ బూర్తి వ్రాతయే నడచుచున్నది. తెలుఁగు మాత్రమే నేర్చిన పిల్లవాఁడు కుదింపు ఇంగ్లీషు చేతఁబట్టఁగానే దారి తప్పుటకును ఇదియే కారణము. వాని వ్రేలికి 'ఢ' తగులును. పుస్తకము 'ఫర్' అనును.

పిల్లలు మాత్రము తమలోఁ దాము తెలుఁగును గుదించుకొనుచునే యుందురు. మా మనుమఁడు ఒకమాఱు తన పెద్దతాతకు జాబు వ్రాయుచు, స్నేహితులతో వాడు కుఱుచ మాటలనే వ్రాసెను. మా అన్నగారు రెండు పంక్తులు తడవి, "వీఁడు సగము అక్షరములు మ్రింగినాఁడు, అక్కడ అన్నము సరిగాఁ బెట్టుట లేదా?" అని యడిగిరి. వ్రాయువాఁడు చదువువానిని ఎఱిఁగి వ్రాయవలెను.

ఫోనులే పుస్తకము చదివి వినిపించుచున్న ఈ కాలమున చుక్క లెందుకని కొంద ఱందురు. వినుట మేలే. కాని విన్నవానికి సంగతి తెలియును. మాట యొక్క రూపు తెలియదు. 'న'యో 'ణ'యో, 'శ'యో 'ష'యో చెవి తరచుగా మోసపోవును. తడవి చదివినవానికే అక్షరము సొంత మగును. అంతే కాదు, నేఁడు కంప్యూటరునకుఁ దగిలించు బ్రెయిలు ఫలకములు కలవు. వానిలో సన్నని మొనలు పైకి లేచుచు దిగుచు పంక్తి వెంబడి పంక్తి చూపును. పూర్తి వ్రాతయో, కుదింపు వ్రాతయో చదువరి కోరుకొనవచ్చును.

ఒక మాట ఓటును గూర్చి. ఓటు యంత్రముపై బ్రెయిలు అంకెలను ఎన్నికల సంఘమువారు 2004లో హైదరాబాదునందలి ఆసిఫ్‌నగరు శాసనసభ ఉపయెన్నికలోఁ బరీక్షించి చూచిరి. నేఁడు మీటల ప్రక్క నా యంకె లుండును. అంకె చదువఁగలవాఁడు, "ఎవరికి వేయవలెనయ్యా?" అని ప్రక్కవాని నడుగ నక్కఱలేకుండఁ దన యోటు తానే వేసికొనును. మా అన్నగారు చూపు పోయిన తరువాత రెండుమాఱులు నా చేతితో ఓటు వేయించుకొనిరి. మూఁడవమాఱు, "నీవు బయట నుండుము" అనిరి. ఆ మాట నాకుఁ గష్టము కలిగింపలేదు.

కావున పెద్దలకు నా మనవి యిది. మీ యూర చూపులేని బిడ్డ యున్నచో ఇంటఁ గూర్చుండఁబెట్టకుఁడు. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము, నలువది పాళ్ళకుఁ దక్కువ కాని వైకల్యము గల బిడ్డకు ఆఱవ యేఁటినుండి పదునెనిమిదవ యేఁటి వఱకు, దగ్గఱి బడిలోఁ గాని, ప్రత్యేక పాఠశాలలోఁ గాని, కోరినచోట ఉచితవిద్య పొందు హక్కు కలదు. బడికిఁ బంపునపుడు మూఁడు ప్రశ్న లడుగుఁడు. తెలుఁగు పూర్తి వ్రాత నేర్పుదురా? ఇంగ్లీషు కుదింపు వ్రాత ఏ తరగతిలో మొదలుపెట్టుదురు? పరీక్షపత్రము ఏ వ్రాతలో ఇత్తురు? ఈ మూఁడవ ప్రశ్న మేము అడుగలేదు. దాని ఫలము మా పిల్లవాఁ డనుభవించెను.

వాని కథ ముగించెదను. ఆ పరీక్ష పిదప ఆ విద్య తెలిసిన యుపాధ్యాయుఁ డొకరు దొరకిరి. దినమునకు అయిదేసి కుదింపులు నేర్పిరి. ఆఱు నెలలలో వాఁడు ఆ పుస్తకమునే మొదటినుండి తుదివఱకుఁ జదివెను. మఱల కల్లమునకు వచ్చినపుడు నా వ్రేలు పట్టి ఒక గడిపై నుంచి, "తాతయ్యా, ఇది 'కే' కాదు, జ్ఞానము" అని నవ్వెను. నా వ్రేలికి రెండు చుక్కలు తగిలినవి. అంతకు మించి నాకేమియుఁ దెలియలేదు. వానికిఁ దెలిసినది. అది చాలును.